నీళ్లు రాల్యా

ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి పంక్ పాట (జోరుగా సాగే రాక్ పాట) మొదలుపెట్టడం తెలుగులో కుదరదు. మేం నెల రోజులు ప్రయత్నించి చూశాం. వన్ టూ త్రీ ఫోర్ అంటే నాలుగు దెబ్బలకి నాలుగు మాటలు, టకటకా అయిపోతుంది. మన "ఒకటి"కి మూడక్షరాలు, "నాలుగు"కి మూడక్షరాలు. ఆ స్పీడులో చెప్పబోతే నాలుక మడతపడేది, డ్రమ్ముల మీద ఉన్నవాడు "మూడు" దగ్గరే మొదలుపెట్టేసేవాడు. పోనీ ఇంగ్లీషులో లెక్కపెడదామంటే మైకుగాడు ఒప్పుకోడు. పాట తెలుగైనప్పుడు లెక్క ఇంగ్లీషులో ఎందుకని వాడి పట్టుదల. చివరికి భాయి తేల్చాడు: "ఏక్ దో తీన్ చార్ అనుకోండ్రా, అయిపాయ." ఉర్దూని పరాయి భాష అనడానికి కర్నూల్లో ఎవరికి నోరొస్తుంది? ఆ రోజు నుంచి మా పాటలన్నీ ఉర్దూలో మొదలై తెలుగులో నడిచాయి.

2005 నుంచి 2008 దాకా కర్నూలు పాతబస్తీలో మేం నలుగురం పంక్ బ్యాండు నడిపాం. నడిపాం అనడం కొంచెం పెద్ద మాటే. మూడేళ్లలో జనం ముందు వాయించింది ఐదుసార్లు. అందులో రెండుసార్లు మధ్యలో ఆపించారు, ఒకసారి కరెంటు పోయింది.

అసలు పేర్లు రాయను, అందరూ ఇప్పుడు పెళ్లాం పిల్లలున్నవాళ్లు. మైకుగాడి నాయనకు మైక్‌సెట్, షామియానా షాపు ఉండేది. ఊళ్లో ఆటోల మీద తిరిగే ప్రకటనలు సగం వాడి గొంతులోనే వినబడేవి, చీరల సేల్ నుంచి సర్కస్ దాకా. పాట పాడేది వాడే. చర్చిగాడు ఆదివారం ప్రార్థనలో డ్రమ్ములు కొట్టేవాడు. మా నలుగురిలో నిజంగా సంగీతం వచ్చినవాడు వాడొక్కడే. భాయి బేస్, అంటే లోతు శబ్దాల గిటారు. మా నాయన బడి పంతులు కాబట్టి నేను అయ్యోరు, గిటారు నాది.

బ్యాండు పెట్టాం అంటే మా వీధిలో ఎవరైనా అడిగే మొదటి మాట, "పెండ్లికి ఎంత తీసుకుంటారప్పా?" పంక్ అని చెప్పడం ఇంకా కష్టం. మేం ప్రాక్టీసు చేసే గోడౌను పక్కింటి అవ్వకి ఎన్నిసార్లు చెప్పినా అది పంకాయే.

ఈ పిచ్చి అంటించింది మా చిన్నాన్న కొడుకు. బెంగళూరులో ఇంజనీరింగు చదివేవాడు. 2005 ఎండాకాలం సెలవుల్లో ఒక ఎంపీత్రీ సీడీ తెచ్చాడు. అందులో ఒక ఫోల్డరు రామోన్స్ అనే అమెరికా బ్యాండుది. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం, 14 పాటలు. అన్నీ కలిపినా అరగంట కాదు. మన సినిమా పాట ఒకటి పల్లవి, చరణాలు, మధ్యలో వయొలిన్లు అన్నీ ముగించుకునే లోపల వీళ్లవి రెండు పాటలు అయిపోతాయి. నాకు ముందు నచ్చింది ఆ లెక్కే. వాళ్లేం పాడుతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ గిటారు వింటే మాత్రం, ఇది మనమూ వాయించొచ్చు అనిపించింది. కార్డులంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం. అవి మూడు, మహా అయితే నాలుగు. చూపుడు వేలు ఒక తీగ మీద, ఉంగరం వేలు పక్క తీగ మీద పెట్టి, అదే ఆకారాన్ని పైకీ కిందికీ జరుపుతూ కుడిచేత్తో ఎడతెగకుండా కిందికి కొట్టడమే. రాగం, గమకం ఏవీ రానవసరం లేదు. చెయ్యి నొప్పి తట్టుకుంటే చాలు.

రాజ్‌విహార్ దగ్గర నెట్ సెంటరులో గంటకి 20 రూపాయలు కట్టి వాళ్ల గురించి చదివాను. న్యూయార్కులో క్వీన్స్ అనే పేట వాళ్లది. నలుగురూ అన్నదమ్ములు కారు, రక్తసంబంధమే లేదు. అయినా అందరూ రామోన్ అని ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు. బ్యాండు మొదలుపెట్టిన నలుగురిలో ముగ్గురు అప్పటికే పోయారు, 2001లో ఒకరు, 2002లో ఒకరు, 2004లో ఇంకొకరు. మేం అభిమానులయ్యే పాటికి తద్దినాలు పెట్టాల్సిన పరిస్థితి.

ఒకే ఇంటిపేరు సంగతి మాత్రం మాకు బాగా ఎక్కింది. కర్నూల్లో ఇంటిపేరు అడుగుతున్నారంటే అసలు అడుగుతున్నది వేరే. మా నాలుగిళ్లకి నాలుగు రకాల జవాబులున్నాయి. టీ తాగుతూ ఎదురుగా కనబడేది చూసి మైకుగాడు పెట్టేశాడు: బురుజు. కొండారెడ్డి బురుజు. బురుజు మైకు, బురుజు చర్చి, బురుజు భాయి, బురుజు అయ్యోరు.

గిటారు హైదరాబాదులో పాతది కొన్నాను, 2,800 రూపాయలు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు. దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కితే పక్క సీటు పెద్దాయన, "వీణనా నాయనా?" అన్నాడు. అవునన్నాను. కర్నూలు వచ్చేదాకా ఆయన నాకు సంగీతం గొప్పతనం చెప్పాడు.

తీగ తెగితే కర్నూల్లో దొరికేది కాదు. హైదరాబాదు పోయేవాళ్లెవరో తెచ్చిపెట్టాలి. ఒకసారి రెండో తీగ తెగి పదిహేను రోజులు ఆగలేక, స్కూటరు క్లచ్ వైరు విప్పి అందులోంచి ఒక పోగు లాగి, చివర చిన్న వాషరుకి ముడేసి బిగించాను. మోగింది. కాకపోతే సాయంత్రానికి వేలు తెగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

గిటారుకి అసలు యాంప్లిఫయరు కొనే స్తోమత లేదు. మైకుగాడి షాపులో అహుజా యాంప్లిఫయరు ఉండేది, పెళ్లిళ్లకీ మీటింగులకీ పోయేది. వాడు లీడు కోసి, వేరే జాక్ సోల్డరింగు చేసి, గిటారుని తిన్నగా మైకు ఇన్‌పుట్‌లో పెట్టాడు. నాబు పూర్తిగా తిప్పితే శబ్దం పగిలిపోయి బొంగురుగా వచ్చేది. ఆ బొంగురు కోసమే బయటి దేశాల్లో డబ్బులు పోసి పెడల్స్ కొంటారని మాకు తర్వాత తెలిసింది. మాకు ఊరికే వచ్చింది. అసలు చిక్కు స్పీకర్లతో. అవి గొట్టం స్పీకర్లు. మనిషి మాట దూరానికి వినబడటానికి చేసినవి, లోతు శబ్దాలు వాటిలో పలకవు. గిటారులో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. భాయి ఇంకో పాత గిటారుకి నాలుగు లావు తీగలే ఉంచి, వాటిని ఇంకా వదులు చేసి బేస్ అనేవాడు. ఆ గొట్టాల్లోంచి అది ఎవరికి వినబడుతుంది? మూడేళ్లు కళ్లు మూసుకుని, తల ఊపుతూ, చెమటలు కక్కుతూ వాయించాడు. తప్పు వాయించాడో ఒప్పు వాయించాడో మాలో ఎవరికీ ఈ రోజుకీ తెలీదు.

గోడౌను హంద్రి ఒడ్డుకి దగ్గర్లో ఉండేది. మడత కుర్చీలు, షామియానా గుడ్డలు, ట్యూబులైట్ల కట్టలు, వాటి మధ్య మేం. రేకుల కప్పు. మే నెలలో మధ్యాహ్నం వాయిస్తే గిటారు మెడ మీద చెయ్యి జారిపోయేది. మొదటి రోజు పక్కింటి అవ్వ గుమ్మం దాకా వచ్చి, మేం పాట ముగించేదాకా ఓపిగ్గా నిలబడి, "ఏమప్పా, యంత్రం ఏమన్నా చెడిపాయనా?" అని అడిగింది. వెటకారం కాదు, ఆమె నిజంగానే అడిగింది.

మా సొంత పాటలు ఆరు. ఐదింటి గురించి చెప్పడానికేం లేదు, నిజంగానే బాగుండేవి కావు. ఆరోది "నీళ్లు రాల్యా".

ఆ పాట రాసింది సగం మా అమ్మే. ఊరి పక్కన తుంగభద్ర, ఊరి నడుమ హంద్రి, అయినా ఎండాకాలం మా వీధిలో కొళాయి ఎప్పుడొస్తుందో చెప్పలేం. అమ్మ తెల్లవారుజామున లేచి కొళాయి విప్పి, దాని కింద బిందె పెట్టి, గోడకి ఆనుకుని కూర్చునేది. నీళ్ల కంటే ముందు గాలి వస్తుంది. కొళాయి మొదట 'స్స్స్' అని పాములా బుసకొడుతుంది. తర్వాత రెండు దగ్గులు. తర్వాత తుప్పు రంగులో ఒక పిడికెడు నీళ్లు. తర్వాత మళ్లీ బుస. చాలా రోజులు కథ అక్కడితోనే ముగిసేది. ఒక రోజు మెలకువ వచ్చి వరండాలో పడుకుని ఆ చప్పుడే వింటున్నాను. ఇది గిటారులో వస్తుందనిపించింది. ప్లాస్టిక్ ముక్కని లావు తీగ మీద నిలువుగా పెట్టి పైనుంచి కిందికి గీరితే అచ్చం అదే బుస. దగ్గులు చర్చిగాడు డ్రమ్ము మీద కొట్టాడు. ఆ తర్వాత, ఏక్ దో తీన్ చార్:

మూడుకే లేస్తి, నీళ్లు రాల్యా
బిందె పెడ్తి, నీళ్లు రాల్యా
పక్కనే తుంగభద్ర, నీళ్లు రాల్యా
నడుమ హంద్రి, నీళ్లు రాల్యా

అమ్మకి వినిపిస్తే, "మూడుకు కాదురా, రెండున్నరకు" అంది. రెండున్నర అంటే తాళం తప్పుతుంది. మార్చలేదు. పాట మొత్తం నిమిషం నలభై సెకన్లు.

2007 వినాయక చవితికి మా వీధి మండపంలో అవకాశం వచ్చింది. మైక్‌సెట్ ఉచితంగా ఇస్తాం, బదులుగా మాకొక అరగంట ఇవ్వండని మైకుగాడు బేరం పెట్టాడు. కరపత్రంలో సాయంత్రం భజన తర్వాత "పంకా ఆర్కెస్ట్రా" అని అచ్చు వేశారు. ఆ ఏడాది చవితి, రంజాను నెల కలిసి వచ్చాయి. భాయి ఇఫ్తార్ చేసి, ఇంట్లో ఏదో చెప్పి, తరావీ నమాజు ఎగ్గొట్టి వచ్చాడు. వస్తూ వస్తూ జేబులో నాలుగు ఖర్జూరాలు తెచ్చి మా ముగ్గురికీ పెట్టాడు. నాకు టెన్షన్‌తో గొంతు ఎండిపోయి అది మింగుడు పడలేదు.

స్టేజీ ఎక్కేముందు మండపం పెద్దాయన ఒకరు ఆపి, "ఏమోళ్లప్పా మీరు?" అన్నాడు. మైకుగాడు తడుముకోకుండా, "బురుజోళ్లం పెద్దయ్యా" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, "బురుజోళ్లు... ఆదోని పక్కనా?" అన్నాడు. అవునన్నాం. అయితే ముందు దేవుని పాట ఒకటి పాడాలన్నాడు. మాకు ఒక్కటీ రాదు. నలుగురం మొహాలు చూసుకున్నాం. మైకుగాడు చెవిలో, "వక్రతుండ చదువుతా, మీరు కొట్టండి" అన్నాడు. వక్రతుండ మహాకాయ మొత్తం మూడు కార్డుల మీద, ఆ స్పీడులో, పన్నెండు పదమూడు సెకన్లలో అయిపోయింది. ముందు వరసలో పెద్దవాళ్లు చేతులు జోడించి లేచి నిలబడ్డారు. వాళ్లు కూర్చునేలోపల రెండో పాట కూడా అయిపోయింది.

జనం కదల్లేదు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతున్నారు. మూడో పాటలో చర్చిగాడు విసుగొచ్చి తప్పెట దరువులోకి దిగాడు. అప్పుడు మాత్రం కుర్రాళ్లు లేచి దుమ్ము లేపారు. నాకు వాడి మీద కోపం వచ్చింది, పంక్ ద్రోహి అని. వాడు చేసిందే సరైన పని అని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

చివరగా "నీళ్లు రాల్యా" అందుకున్నాం. గిటారు బుస, రెండు దగ్గులు. మైకుగాడు "మూడుకే లేస్తి" అనగానే వెనకాల ఆడవాళ్ల వైపు నవ్వులు వినిపించాయి. "బిందె పెడ్తి" అన్నాడు. నలుగురైదుగురు అందుకున్నారు, "నీళ్లు రాల్యా!" తర్వాత లైనుకి ఆ పక్కంతా అందుకున్నారు. ఇళ్లల్లోంచి కొంగు చెక్కుకుంటూ ఇంకొందరు వచ్చారు. వాళ్లు పాటకి వంత పాడుతున్నట్టు లేదు, ఎవరినో నిలదీస్తున్నట్టుంది. పాట అయిపోతే మళ్లీ మొదలుపెట్టాం. మూడోసారి సగంలో ఉండగా గొట్టాలు మూగబోయాయి. స్టేజీ పక్కన కుర్చీలో శాలువా కప్పించుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి, ఆ పాట తననే అంటున్నట్టు అనుకున్నాడట. ఆయన మనిషి పోయి వైరు పీకాడు. మైకు లేకపోయినా ఆడవాళ్లు ఇంకో రెండు లైన్లు నడిపారు.

మా నాయన వచ్చాడని నాకు తెలీదు. దూరంగా సోడా బండి దగ్గర నిలబడి మొత్తం విన్నాడట. ఇంటికి పోయాక అన్నం తింటూ ఒక్కటే మాట అన్నాడు: "ఆ డ్రమ్ము పిల్లోడు బాగా కొట్టినాడు."

ఆ తర్వాత కథ పెద్దగా లేదు. 2008 వానాకాలంలో మైకుగాడు ప్రకటనలు రికార్డు చేసే గదిలో, గోడలకి పరుపులు కట్టి, నాలుగు పాటలు కంప్యూటరులోకి ఎక్కించాం. ఒక సీడీ కొట్టుకున్నాం. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, భాయి సౌదీ పోయాడు, చర్చిగాడికి రైల్వేలో దొరికింది. గొడవలేం పడలేదు. సామానంతా గోడౌనులోనే పెట్టాం, మళ్లీ వస్తాం కదా అని.

2009 అక్టోబరు 2 శుక్రవారం, గాంధీ జయంతి. నేను సెలవు కలుపుకుని బుధవారం రాత్రికే ఇంటికొచ్చాను. వాన ఆగలేదు. పైన తుంగభద్ర పొంగింది, నడుమ హంద్రి పొంగింది, కింద శ్రీశైలం డ్యామ్‌లో నీళ్లు నిండు మట్టం 885 అడుగులు దాటి 895 కూడా దాటాయి. వచ్చిన నీళ్లు పోవడానికి దారి లేక వెనక్కి ఊరి మీదికి ఎగదన్నాయి. ఇవన్నీ తర్వాత పేపర్లో చదివినవి. ఆ రోజు మాకు తెలిసింది, ముందు మోరీలోంచి నీళ్లు పైకి రావడం. నది వైపు నుంచి వస్తాయని అందరూ అటే చూస్తున్నారు, అవి స్నానాల గదిలోంచి వచ్చాయి. బియ్యం మూట, సర్టిఫికెట్లు, అమ్మ మందులు పట్టుకుని పక్కవాళ్ల రెండంతస్తుల మిద్దె ఎక్కాం. చీకటి పడేసరికి మా ఇంటి కిటికీలు కనబడలేదు.

మిద్దె మీద ముప్పై మందిమి. కరెంటు లేదు. అంత నీటి మధ్య కూర్చుని తాగడానికి మాత్రం ఒక బిందె, అదీ సగమే ఉంది. పిల్లలకి గ్లాసుతో కొలిచి పోస్తున్నారు. కింద గ్యాసు సిలిండర్లు ఒకదానికొకటి తగులుతూ కొట్టుకుపోతున్న చప్పుడు. వీధి మలుపులో టార్చి వెలుగు పడితే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, పదీ ఇరవై, వరసగా తేలుతూ పోతున్నాయి. అవి ఎవరివో నాకు తెలుసు. మా పెద్ద డ్రమ్ము కూడా పోయిందని, తన మిద్దె మీదినుంచి చూశానని మైకుగాడు అంటాడు. బిందెలా తిరుగుకుంటూ పోయిందట. నేను చూసింది కుర్చీలనే.

నడిరాత్రి ఎప్పుడో, అందరూ మాట్లాడటం మానేసిన తర్వాత, అమ్మ నా వైపు తిరగకుండానే అంది: "రాల్యా రాల్యా అని మండపమెక్కి అరిస్తిరి కదరా. వచ్చినాయి సూడు."

పక్కనున్న ఒకామె ముందు నవ్వింది. తర్వాత నాయన నవ్వాడు. ఆ రాత్రి మిద్దె మీద అదొక్కటే నవ్వు.

నీళ్లు దిగాక గోడౌనులో మోకాలి లోతు బురద. షామియానాలు మట్టి ముద్దలు. గిటారు మెడ ఊడి వచ్చింది. కంప్యూటరు సంగతి సరేసరి. సీడీ చర్చిగాడి ఇంట్లో దొరికింది, కడిగి తుడిచి పెట్టి చూస్తే ప్లేయరు కాసేపు గిర్రున తిప్పి బయటికి తోసేసింది. అహుజా యాంప్లిఫయరుని మాత్రం మైకుగాడు విప్పి, పైపుతో కడిగి, మూడు రోజులు ఎండలో పెట్టి, బ్రష్షుతో గీకి ఆన్ చేస్తే మోగింది. దాంట్లోంచే వారం రోజులు, ఏ వీధిలో అన్నం పొట్లాలు పంచుతున్నారో ఆటోలో తిరుగుతూ చెప్పాడు.

ఇప్పుడు మాకొక వాట్సాప్ గ్రూపుంది. ఏడాదికొకసారి రెండో చరణం గురించి కొట్లాడుకుంటాం. అందులో కేసీ కెనాలు ఉందని భాయి అంటాడు. లేదు, ట్యాంకరు ఉందని నేను. అసలు రెండో చరణమే లేదు, మొదటిదే రెండుసార్లు పాడేవాళ్లమని చర్చిగాడు. రుజువు చూపడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

మొన్న ఎండాకాలం ఇంటికి పోయినప్పుడు పొద్దున పళ్లు తోముకుంటుంటే వీధిలోంచి ఆటో పోతోంది. "ప్రజలకు విజ్ఞప్తి. పైపులైను పగిలినందువల్ల ఈ రోజు ఉదయం కొళాయి నీళ్లు రాలేదు. సాయంత్రం ట్యాంకర్లు వస్తాయి, సహకరించగలరు." లావెక్కింది కానీ అదే గొంతు. నోట్లో నురగతోనే ఫోన్ చేశాను.

"ఏంరా, 'రాలేదు' అని అంత మర్యాదగా చదివినావు?"

"మొదట రాల్యా అనే వచ్చిందిరా. మళ్లీ చదవమన్నారు."